కాలము తెచ్చినదా? స్త్రీలు తెచ్చుకొనిరా?

స్త్రీల హక్కులను గూర్చి మాటాడునప్పుడెల్ల మనవారిలో కొందఱు పెద్దలు, "తొందరపడకుడు; కాలమే యన్నింటిని చక్కబఱచును" అని హితబోధ చేయుచుందురు. దీనికి వారు ఐరోపా దేశములను సాక్ష్యముగా జూపుదురు. అచ్చట విద్య వ్యాపించినకొలదిని స్త్రీలకు హక్కులు వాటంతట నవియే లభించినవట! ఈ మాట యెంత నిజమో తెలిసికొనుటకు జర్మనీ చరిత్ర మొక్కటి పరిశీలించిన చాలును. విద్యలోగాని శాస్త్రములోగాని ఆ దేశమునకు లోటులేదు. చదువొక్కటియే న్యాయము తెచ్చునేని అచ్చటనే మొదట తెచ్చియుండవలెను.

1900 సంవత్సరమున అమలులోనికి వచ్చిన జర్మను పౌరశాసనము ఏమి చెప్పెను? దాంపత్య విషయములన్నిటను నిర్ణయించువాడు భర్త. కాపుర మెక్కడ నుండవలెనో చెప్పువాడు నతడే. భార్య యితరులయొద్ద కొలువు చేయుచున్నచో, న్యాయస్థానము నాశ్రయించి దానిని మాన్పింపవచ్చును. ఈ శాసనమును వ్రాసినవారు చదువురానివారు కారు. మహాపండితులు ఇరువది యేండ్లకు పైగా చర్చించి వ్రాసిరి.

1918 నవంబరు విప్లవములో స్త్రీలకు వోటు హక్కు లభించెను. 1919 జనవరి ఎన్నికలలో 37 మంది స్త్రీలు జాతీయసభకు ఎన్నికైరి. ఫిబ్రవరి 19వ తేదీన ఆ సభలో మొట్టమొదట మాటాడిన స్త్రీ మారీ యుహాచ్. ఇందుకు స్త్రీలు ప్రభుత్వమునకు కృతజ్ఞత తెలుపవలసిన పనిలేదని, అన్యాయముగా బిగబట్టిన దానినే ఇప్పుడిచ్చినారని ఆమె సభలోనే చెప్పెను. ఎంత సత్యమైన మాట! అయినను ఆ సంవత్సరపు రాజ్యాంగము స్త్రీపురుషులకు పౌరహక్కులు "సూత్రప్రాయముగా" సమానములని మాత్రమే పలికెను. ఆ యొక్క మాట చాటున ఇంటిలోని భర్తృప్రభుత్వము చెక్కుచెదరక నిలిచెను.

కాలము ముందునకే నడుచునను వారు తరువాతి కథను గూడ వినవలెను. 1933లో హిట్లరు ప్రభుత్వము వచ్చి, శాసనసభకు ఎన్నికయగు హక్కును స్త్రీలనుండి లాగికొనెను. 1936లో వారిని న్యాయాధిపతి పదవులకు దూరము చేసెను. 1919లో ఇచ్చిన కాలమే 1933లో ఏల తీసికొనవలెను? కాలమునకు న్యాయాన్యాయ వివక్ష లేదు; ఎవరు త్రోసిన వారివైపునకే అది పోవును.

యుద్ధానంతరమున, 1948లో, పశ్చిమ జర్మనీకి రాజ్యాంగము వ్రాయుటకు బాన్ నగరమున సభ కూడెను. అందలి 65 మంది సభ్యులలో స్త్రీలు నలుగురే. వారిలో నొకతె కాసెల్ నగరపు న్యాయవాది ఎలిజబెత్ సెల్బర్ట్. "పురుషులును స్త్రీలును సమాన హక్కులు గలవారు" అను భావమును జర్మను భాషలో ఐదే మాటలలో వ్రాసి, దానిని రాజ్యాంగమున చేర్చవలెనని ఆమె కోరెను. కుటుంబ శాసనమంతయు తలక్రిందులగునని భయపడి సభ్యులు త్రోసివేసిరి. ఆమె యూరుకొనలేదు, ఊరూర తిరిగి స్త్రీలకు చెప్పెను. దేశము నలుమూలలనుండి స్త్రీల యుత్తరములు బాన్ నగరమున గుట్టలుగా పడెను. 1949 జనవరిలో, కాదన్నవారే ఔననిరి. కొన్ని వారములలో వారికి జ్ఞానోదయము కలిగించినది కాలమా, ఆ యుత్తరములా?

అంతటితో పని ముగియలేదు. సమానత్వమునకు విరుద్ధములైన శాసనములను 1953 మార్చి 31 లోపల సవరింపవలెనని రాజ్యాంగమే గడువు పెట్టెను. శాసనసభ ఆ గడువును దాటిపోనిచ్చెను. 1957లో చేసిన సవరణ సహితము, బిడ్డల విషయమున తల్లిదండ్రులకు భేదాభిప్రాయము కలిగినచో తండ్రి మాటయే చెల్లునని యుంచెను. 1959లో రాజ్యాంగ న్యాయస్థానము దానిని కొట్టివేయవలసివచ్చెను. గృహకృత్యములకు భంగము రానంతవఱకే భార్య యుద్యోగము చేయవచ్చునను నిబంధన 1977 వఱకు బ్రతికియుండెను. భర్త భార్యపై చేయు బలాత్కారమును ఇతర బలాత్కారములతో సమానమైన నేరముగా నెంచినది 1997లో. అప్పుడును 138 మంది సభ్యులు కాదని వోటు వేసిరి!

తూర్పు జర్మనీ సంగతి వేఱు. అచ్చటి ప్రభుత్వము స్త్రీలను కర్మాగారములకు పిలిచెను, శిశుపోషణశాలలు నెలకొల్పెను. కాని ఇంటిపనికై నెలకొకనాడు జీతముతో నిచ్చిన సెలవు స్త్రీలకే గాని పురుషులకు లేదు. 1977లో ఇచ్చినప్పుడును ఏ కొందఱు పురుషులకో యిచ్చిరి. బయటిపని ఇద్దఱిది, బట్టలుతుకుట యొక్కరిది! ఇంటిలోని పని పంచుకొనని సమానత్వము స్త్రీకి రెండు కాడులు మోపినట్లే గదా?

"ఇప్పుడేమి కొఱత? అంగెలా మెర్కెల్ 2005 నుండి 2021 వఱకు ఆ దేశము నేలలేదా?" అని యడుగుదురు. ఒక స్త్రీ సింహాసన మెక్కినంతమాత్రమున కోట్ల స్త్రీల వంటయిల్లు మారునా? 2024లోను అచ్చటి స్త్రీకి గంటకు దొరకు సగటు కూలి పురుషుని కూలికంటె నూటికి 16 తక్కువ. 1958 నుండి నడుచుచున్న పన్ను పద్ధతి దంపతుల యాదాయములను కలిపి సగము చేసి లెక్కించును. ఒకరు మిక్కిలి ఆర్జించి మఱియొకరు ఇంటనున్నచో ఎక్కువ లాభము. ఇంటనుండునది సాధారణముగా నెవరో చెప్పనక్కఱలేదు. ఏడాది నిండిన బిడ్డకు శిశుశాలలో చోటు హక్కుగా లభించినది 2013లో మాత్రమే. బిడ్డను విడిచి పనికి పోవు తల్లిని "బొంతకాకి తల్లి" యని నిందించుట ఆ భాషలో నున్నది. అదే పని చేయు తండ్రి ఆ నింద పడుట యరుదు.

చదువరులారా! ఈ నూఱేండ్ల కథలో దానంతట నది వచ్చిన హక్కు ఒక్కటి చూపుడు. ఒకరు అడిగిరి, పలువురు వ్రాసిరి, కొందఱు వ్యాజ్యెమాడిరి, అప్పుడే వచ్చినది. ఊరకున్నప్పుడు వచ్చినది కూడ పోయినది. కాలమే చేయునని చెప్పువారు, తాము చేయమని మర్యాదగా చెప్పుచున్నారు. వారి మాటను ఆ యర్థముననే గ్రహించి, మన పనిని మనము చేయవలెను.