మెయిన్ కంటే ముందే క్రాష్ అయితే?

సీ ప్రోగ్రామ్ మెయిన్ ఫంక్షన్‌తోనే మొదలవుతుందని బీటెక్‌లో మనందరికీ చెప్పారు కదా. విద్యానగర్ రూమ్‌లో ఒక రాత్రి నా ప్రోగ్రామ్ మెయిన్‌లోకి రాకుండానే క్రాష్ అయ్యేదాకా నేనూ అదే నమ్మాను. డీబగ్గర్‌లో మెయిన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టినా అక్కడిదాకా రాలేదు!

విషయం ఏంటంటే, జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఒక ఫంక్షన్‌కి 'కన్‌స్ట్రక్టర్' అట్రిబ్యూట్ తగిలిస్తే అది మెయిన్ కంటే ముందే రన్ అవుతుంది. నేను కాన్ఫిగ్‌కి ఒకటి, లాగింగ్‌కి ఒకటి వేరువేరు ఫైళ్లలో పెట్టాను. మేక్‌ఫైల్‌లో ఫైళ్ల వరుస మార్చగానే, కాన్ఫిగ్ రెడీ కాకముందే లాగింగ్ దాన్ని వాడేసింది. అంతే, సెగ్మెంటేషన్ ఫాల్ట్. 101 నుంచి ప్రయారిటీ నంబర్లు ఇవ్వొచ్చు, చిన్న నంబర్ ముందు రన్ అవుతుంది. కానీ రేపు టీమ్‌లో ఇంకొకరు ఏ నంబర్ ఇస్తారో?

మన ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇంతే. యాప్ ఒక సీ లైబ్రరీని లోడ్ చేయగానే అందులోని కన్‌స్ట్రక్టర్లన్నీ రన్ అవుతాయి. వాటిలో బరువైన పని పెడితే యాప్ ఓపెన్ అవడమే లేటవుతుంది.

2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ కూడా ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో మెయిన్‌కి ముందే, లైబ్రరీలు లోడ్ అయ్యే టైమ్‌లోనే పని మొదలుపెట్టింది. లాగిన్ అర సెకను లేటవడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నాడు.

నా మాట ఒక్కటే. మెయిన్ మీ చేతిలో ఉంటే, సెటప్ అంతా ఒక మామూలు ఫంక్షన్‌లో పెట్టి మొదటి లైన్‌లోనే కాల్ చేయండి. మెయిన్ మీది కానప్పుడే, అంటే వేరేవాళ్ల ప్రోగ్రామ్‌లోకి ప్రీలోడ్ చేసే టూల్ లాంటివి రాస్తున్నప్పుడే, కన్‌స్ట్రక్టర్ జోలికి వెళ్లండి. కోడ్ చదివేవాడికి కనిపించని పని ఎంత తక్కువుంటే అంత మంచిది.