మన ర్యాంకులో ఖాళీ పోస్టులు కూడా ఉన్నాయి



ఈఏపీసెట్ ర్యాంకు రాగానే మనవాళ్లు చాలామంది ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు. ఎవరికీ చూపించరు. లక్ష దాటిందని సిగ్గు. ముందు ఆ నంబరు ఎలా తయారైందో చూడండి, సిగ్గు ఎవరు పడాలో తర్వాత మాట్లాడుకుందాం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ ర్యాంకు లెక్క ఇదీ. ఎంట్రన్స్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. వాటిని 75కి కుదిస్తారు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కుల్ని 25కి కుదిస్తారు. రెండూ కలిపి వందకి స్కోరు. ఆ స్కోరు వరసే ర్యాంకు.

ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. ఎంట్రన్స్‌లో ఇద్దరికీ సరిగ్గా అవే మార్కులు. ఇంటర్‌లో ఒకరికి 90 శాతం, ఇంకొకరికి 70. వెయిటేజీలో తేడా 5 మార్కులు. ఐదే కదా అంటారా? ఆ ఐదు పూడ్చుకోవాలంటే రెండో పిల్లాడు ఎంట్రన్స్‌లో దాదాపు 11 ప్రశ్నలు ఎక్కువ చెయ్యాలి. మధ్య మార్కుల దగ్గర జనం గుంపుగా ఉంటారు. అక్కడ 11 ప్రశ్నలంటే కాలేజీ మారిపోతుంది, బ్రాంచి మారిపోతుంది.

మరి ఆ 20 శాతం ఎక్కడ పోయింది? మీకు తెలుసు. ఫిజిక్స్ సారు ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఆ కుర్చీ ఖాళీ. గెస్ట్ లెక్చరర్ వచ్చేసరికి దసరా దాటింది. ల్యాబ్ గదికి తాళం, రికార్డు మాత్రం సీనియర్‌ది చూసి రాసుకున్నాం. ప్రాక్టికల్స్‌కి ఇన్ని మార్కులు వస్తాయని ముందే భరోసా ఇచ్చే కాలేజీలు పట్నంలో ఎలా నడుస్తాయో కూడా మీకు తెలుసు. ఇదంతా కుదించి, గుణించి, చివర్లో 'ప్రతిభ' అని పేరు పెడతారు.

భాష సంగతి వేరే. పేపర్ తెలుగులో కూడా ఉంటుంది కదా అంటారు. ఇంట్లో కువి, కోయ, సవర మాట్లాడే పిల్లకి 'కోణీయ ద్రవ్యవేగం' ఏ తెలుగు? అది పక్కింటి తెలుగు పిల్లకీ అర్థం కాదు, నిజమే. కానీ ఆ పిల్లకి ఒకటో తరగతిలో టీచర్ మాట అర్థమైంది. మన పిల్లకి అదీ కాలేదు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో 3 అందుకే మనకి ప్రాణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పుకీ మన ర్యాంకుకీ సంబంధం లేదనుకునేవాళ్లు ఒక్కసారి మన ఒకటో తరగతి గదిలో కూర్చోవాలి.

"మీకు కటాఫే లేదు, ఇంకేం కావాలి?" అని క్లాసులో అననివాళ్లు ఎవరు? అవును, మిగతావాళ్లకి 25 శాతం క్వాలిఫైయింగ్ మార్కులుంటే ఎస్సీ, ఎస్టీలకి లేవు. కటాఫ్ లేకపోతే లైన్లో నిలబడనిస్తారు, అంతే. సీటు ఇచ్చేది ర్యాంకే. ఎస్టీ సీట్లలోనూ వరస ర్యాంకుదే. అక్కడ కూడా పట్నంలో కోచింగ్ తీసుకున్న తమ్ముడు ముందుంటాడు, కొండ మీద చదివిన చెల్లి వెనకుంటుంది. ఆ తమ్ముడు మనకి శత్రువు కాదు. లెక్కే తప్పు.

తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ వెయిటేజీ తీసేశారు. ఇక్కడా తీసేయాలని మనవాళ్లే కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఇంటర్ పరీక్షకి పాఠ్యపుస్తకం, ఒక మంచి సారు ఉంటే చాలు. ఎంట్రన్స్‌కి రోజూ మాక్ టెస్టులు, షార్ట్‌కట్లు, లక్షల ఫీజు. వెయిటేజీ పోతే ర్యాంకు నూటికి నూరు పాళ్లు కోచింగ్ చేతికి పోతుంది. మనం అడగాల్సింది వెయిటేజీ తీసేయమని కాదు, మనకి ఇవ్వనిది కూడా లెక్కలో వెయ్యమని.

అలా వెయ్యడం కుదరదు అనకండి. ఈ నేల మీదే వేశారు. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతో సీట్లిస్తూ, ప్రభుత్వ బడి పిల్లలకి పది పాయింట్ల జీపీఏకి 0.4 కలపాలని రూల్ పెట్టారు. డిప్రివేషన్ స్కోర్ అన్నారు. ప్రతిభ ఏమీ కూలిపోలేదు. పల్లెటూరి పిల్లలు ఇంజనీర్లయ్యారు. కానీ ఆ రూల్‌లో 'నాన్ రెసిడెన్షియల్' అనే మాట ఉంది. అంటే గురుకులంలో చదివిన మన పిల్లకి అది రాదు. ఊళ్లో హైస్కూల్ లేకే కదా గురుకులానికి పోయింది! బడి లేకపోవడమే పెద్ద లేమి అయితే, దాన్నే సౌకర్యంగా లెక్కేశారు.

కాబట్టి మన డిమాండ్ ఇది: ఈఏపీసెట్ ర్యాంకులోనూ డిప్రివేషన్ స్కోర్ పెట్టాలి, ఏజెన్సీ బడుల్లో, గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లందరికీ వర్తించాలి. ఖాళీ లెక్చరర్ పోస్టులు జూన్‌కే నింపాలి, దసరాకి కాదు.

దీనికి ఆధారం మీ దగ్గరే ఉంది. ర్యాంకు కార్డు జిరాక్స్ తీసి వెనకాల రాయండి: రెండేళ్లలో మీకు ఏ సబ్జెక్టుకి ఎన్ని నెలలు లెక్చరర్ లేడు, ల్యాబ్ ఎన్నిసార్లు తెరిచారు. మీ కాలేజీ ఖాళీల వివరాలకి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఊరికి పదిమంది చొప్పున ఆ కాగితాలు పట్టుకుని ఐటీడీఏ గ్రీవెన్స్‌కి రండి. పీవో గారి టేబుల్ మీద పెట్టి రసీదు తీసుకుందాం.