దెబ్బతిన్న కూలివానికి బాధ్యు లెవరు?

మన సంఘ సభ్యుల యిండ్లలో ఒక కాలు పొలమునందును, ఒక కాలు గనియందును లేని యిల్లు అరుదు. అన్న వరిచేను చూచుకొనుచుండ తమ్ముడు సింగరేణికి పోవును. కంపెనీ ఉద్యోగము దొరకనివాడు గుత్తదారు క్రింద ఓపెన్‌కాస్టులో చేరును. కావున గనిలో జరిగిన ప్రమాదము పరాయివారి సంగతి యని మన మెవ్వరమును అనుకొనరాదు.

2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మరణించిరి. 2020 జూన్ 2వ తేదీన రామగుండము ఓపెన్‌కాస్టులో పేలుడు సంభవించి నలుగురు కంట్రాక్టు కార్మికులు చనిపోయిరి. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలగా ముగ్గురు పోయిరి. వారిలో అధికారులును గలరు, కంట్రాక్టు కార్మికుడును గలడు. పైకప్పు హోదా చూచి కూలదు. పరిహారము మాత్రము హోదా చూచి వచ్చుచున్నది. మాకు కష్టముగా తోచున దిదియే.

ఈ విషయమున చట్టము కొత్తది కాదు. 1837లో ఇంగ్లండున ఒక మాంసవర్తకుని పనివాడు, బరువు మితిమీరిన బండి విరిగి, తొడయెముక విరుగగొట్టుకొని యజమానిపై దావా వేసి ఓడిపోయెను. అచ్చట చట్టము మారుటకు 1897వ సంవత్సరము రావలసివచ్చెను. మన దేశమున పనివారల నష్టపరిహార చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. దాని స్థానమున 2020వ సంవత్సరపు సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనున్నది. మూలసూత్రము మారలేదు: పనివలన, పనిలోనుండగా దెబ్బ తగిలినచో యజమాని తప్పును రుజువు చేయ నక్కరలేదు, పరిహార మీయవలసినదే. పనివాడు కొంచెము అజాగ్రత్తగా నుండెనన్న మాట చెల్లదు. త్రాగియుండెననియో, ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా మీరెననియో చెప్పు వాదముకూడ ప్రాణము పోయినచో నిలువదు. గుత్తదారు క్రింద చేసిన పనియైనను అసలు యజమానిని అడుగు హక్కు కలదు. ఆయన పిదప గుత్తదారు నుండి రాబట్టుకొనును.

లెక్క యెట్లనగా: మరణమునకు నెలజీతములో సగమును, వయస్సునకు నిర్ణయింపబడిన గుణకముచే హెచ్చింపవలెను. ముప్పదియేండ్లవానికి గుణకము 207.98. 2020లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన 15,000 రూపాయల జీతపు పరిమితి చొప్పున అది 15,59,850 రూపాయలగును.

ఇక మన పల్లెలలో జరుగునది చూడుడు. మనిషి పోయిన మూడవనాడు పెద్దమనుషులు కూర్చుందురు. ఖర్చులకని లక్షయో రెండు లక్షలో వితంతువు చేతిలో పెట్టి, కాగితముపై వ్రేలిముద్ర వేయింతురు. ఇది ధర్మమని వారు నిజముగనే నమ్ముదురు. వారిని మేము దూషింపము. కాని చట్టము దృష్టిలో ఆ కాగితమునకు విలువ లేదు. మరణ పరిహారమును అధికారి యెదుట జమచేయవలెనేగాని నేరుగా కుటుంబమున కిచ్చినది పరిహారముగా పరిగణింపబడదు. స్వల్పమైన ముందస్తు మొత్తము మాత్రమే మినహాయింపు. అనగా వితంతువును మోసపోవును, ఇచ్చినవాడును మరల చెల్లింపవలసి వచ్చును. రెండేండ్లలోపల అర్జీ పెట్టుకొనవలెనన్న మాట తెలియక వ్రేలిముద్రతో తృప్తిపడినవారికి ఆ గడువు దాటిపోవుట సులభము.

ఇంతవరకు చదివి కంపెనీని, గుత్తదారులను నిందించుచున్న సభ్యులకు ఒక మాట. మనమును యజమానులమే. ట్రాక్టరుతోను, యంత్రములతోను చేయు సేద్యము, బోరు పని, చేలపై పురుగుమందు కొట్టుట — ఇవి చట్టపు పట్టికలో చేరియున్నవి. ప్రత్తికి మందు కొట్టి పడిపోయిన కూలివాడు, నూర్పిడి యంత్రమున చేయి పోయిన జీతగాడు మనలను అడుగవచ్చును. అడుగుట లేదు. వారి కది తెలియదు. తెలిసినను మరుసటి పంటకు పని యెవరిత్తురను భయము. కంపెనీ యెదుట మన తమ్మునికి గల భయమే యిది. ట్రాక్టరు మడ్‌గార్డుపై కూర్చుండబెట్టి కూలివారిని తీసికొనిపోవు అలవాటుకూడ మానవలెను. అట్లు పడినవాని విషయమున బీమా కంపెనీ తగాదా పెట్టుట సాధారణము.

ట్రాక్టరునకు ఋణమిచ్చు సంఘము, ఋణపత్రముతోబాటు కూలివాని బీమా రసీదునుగూడ అడుగవలెనని మా అభిప్రాయము. ప్రీమియము భారమని కొందరందురు. పైని చెప్పిన జీతము, వయస్సు గల పనివాని బొటనవ్రేలు పోయినచో నూటికి ముప్పది పాళ్లు అంగవైకల్యముగ నెన్నుదురు. దానికి రావలసినది 5,61,546 రూపాయలు. రెండెకరముల రైతు దానిని దేని నమ్మి చెల్లించునో సభ్యులే లెక్క వేసికొందురు గాక.