తేదీ లేని ఫొటో నోరులేని సాక్షి

మన నెల్లూరు తీరానికి తుపాను కొత్త కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆనాడు ఊళ్లో ఒక్క కెమెరా ఉంటే గొప్ప. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరాయే. ఫొటోలకు కొదవ లేదు. కొదవంతా తేదీలకే!

ఎలాగంటారా? సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తే, తీసిన రోజూ గంటా నిమిషమూ ఆ ఫైలు లోపలే నమోదవుతాయి. దీన్ని ఎక్సిఫ్ సమాచారం అంటారు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, లోపలి తేదీ రాలిపోతుంది. ఫైలు పేరులో కనిపించే తేదీ పంపిన రోజుదే గాని తీసిన రోజుది కాదు. మునిగిన నారుమడి ఫొటో ఒకటి నాలుగు గ్రూపులు తిరిగి, నాలుగు కాపీలై మన ఫోనుకే వస్తుంది. పాత వరద ఫొటోను కొత్త వరదకు అంటగట్టడం ఇంత సులువైంది ఇందుకే.

ఫోను నిండితే మనవాళ్లు ఏం చేస్తారు? ఏదో ఒకటి ఉంచి తక్కినవి చెరిపేస్తారు. అందులో అసలుది పోతే? విత్తనపు వడ్లనీ తిండివడ్లనీ ఒకే గాదెలో కలిపి పోసే రైతు ఎక్కడైనా ఉన్నాడా?

సైన్సు విద్యార్థులకు ఇదేం కష్టమైన లెక్క కాదు. రెండు ఫైళ్లు అచ్చంగా ఒకటేనా అన్నది ఎస్‌హెచ్‌ఏ-256 వంటి హ్యాష్ విలువ తేలుస్తుంది. కలిస్తే ఒకటి నిశ్చింతగా తీసేయొచ్చు. కుదించిన కాపీకి ఆ విలువ కలవదు. అక్కడ లోపలి తేదీ ఉన్న ఫైలునే ఉంచాలి. పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే తేదీ చెక్కుచెదరదు. ఫోను గడియారమే తప్పయితే ఎక్సిఫ్ కూడా తప్పే చెబుతుంది. కనుక తీసినవారి పేరు, ఊరు, రోజు నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి.

నష్టం రాసేది అధికారులు కదా, మనకెందుకీ గోల అంటారు కొందరు. నిజమే. కాని 33 శాతం, ఆపైన పంట పోతేనే పెట్టుబడి రాయితీ. నీళ్లు తీసిన తర్వాత వచ్చేవారికి, చేను ఏ రోజు నుంచి ఏ రోజు దాకా మునిగి ఉందో చూపించేదేమిటి? ఫొటో ఒక్కటే పరిహారం తెచ్చిపెడుతుందని నేననను. తేదీ ఉంటే రైతు మాటకు బలం వస్తుంది, అంతే.

మన విద్యార్థి సంఘం వచ్చే ఏడు ఈ పని చేపట్టాలి. ఊరూరి వరద ఫొటోలు అసలు ఫైళ్లుగానే సేకరించి, కాలేజీ లైబ్రరీలో రెండు హార్డ్‌డిస్కుల్లో భద్రపరచాలి. మిత్రులారా, రేపటి తుపాను మనల్ని అడిగి రాదు. మొదలుపెట్టడానికి ఇదే అదను!