పాత రేడియో పలుకవలెనా, అలంకారముగా నిలువవలెనా?

మన పాఠశాల సామానుల గదిలో ఒక వాల్వు రేడియో ఉన్న సంగతి విద్యార్థులలో చాలమందికి తెలియదు. పెద్ద చెక్కపెట్టె, స్పీకరుకు ముందు దళసరి నేత గుడ్డ, అద్దపు పలకమీద ఊళ్ల పేర్లు, గుండ్రని మీటలు. గదిని ఖాళీ చేయవలసివచ్చి, దీనిని ఏమి చేయుదమను ప్రశ్న ఇటీవల తల్లిదండ్రుల సమావేశములో పుట్టినది. బెంగుళూరులో పాత వస్తువులు కొనువారికి అమ్మి, ఆ సొమ్ముతో గ్రంథాలయమునకు పుస్తకములు తెప్పింపవచ్చునని కొందరనిరి. లోపలి సామానంతయు తీసివేసి, సెల్‌ఫోను పాటలు వినిపించు బ్లూటూత్ పలకను బిగించి కార్యాలయములో పెట్టుదమని మరికొందరనిరి. ఇరువురిదియు మంచి మనసే. కాని నా అభిప్రాయము వేరు. దానిని దాని వాల్వులతోనే, పిల్లల కన్నులయెదుట బాగుచేయించి మరల పలికింపవలెను.

ఇది గతముమీది మమకారము కాదు. నేను పుట్టునాటికే ట్రాన్సిస్టర్లు ఇంటింటికి వచ్చియుండెను. ఆంధ్రలో ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇక్కడికి వచ్చిన తరువాతనే, ఈ హోసూరు ప్రాంతపు పెద్దలు రేడియోను గురించి చెప్పుకొను తీరు విని దాని విలువ గ్రహించితిని. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను వెలసినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు మన ప్రాంతము మద్రాసు రాష్ట్రములోనే నిలిచినది. అయినను చీకటి పడిన పిదప మీడియం వేవు తరంగములు ఆకాశపు పైపొరలనుండి తిరిగి నేలకు వంగి వందల మైళ్లు పోవును గాన, విజయవాడ వార్తలు ఇక్కడి అరుగులమీదికి వచ్చుచుండెను. మద్రాసులోను, తరువాత హైదరాబాదులోను పిల్లల కార్యక్రమములు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు దూరపు ఊళ్ల పిల్లలకు కూడ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. సినిమా పాటలకు మాత్రము మనవారు సిలోనువైపు మీట త్రిప్పిరి! 1957లో వివిధభారతి వచ్చువరకు ఆకాశవాణి వానిని అంతగా ఆదరింపలేదు.

ఇక బాగుచేయుట. ప్లగ్గు తగిలించి స్విచ్చి వేసి చూచుట మరమ్మతు కాదు. రేడియోను చంపుటకు అదియే దగ్గరి దారి. ఏండ్ల తరబడి పడియున్న రేడియోలో సాధారణముగా మొదట చెడునది వాల్వు కాదు, కండెన్సరు. వాల్వు గాజుబుడ్డిలోనికి గాలి చొరనంతకాలము నిలుచును. వడపోతకు వాడు పెద్ద కండెన్సరులలోని రసాయనము ఎండిపోవును. మైనము పూసిన కాగితపు కండెన్సరులు తేమ పీల్చి కరెంటును కారనిచ్చును. శబ్దమును చివరి వాల్వుకు అందించు చిన్న కండెన్సరు ఒకటి కలదు. అది కారినచో ఆ వాల్వు మితిమీరి కరెంటు లాగి, తాను కాలుటయే గాక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కూడ కాల్చివేయును. కొన్ని రూపాయల వస్తువు మార్చనందుకు అంగట దొరకని వస్తువు పోవును. అందుచేత తెలిసిన మెకానిక్కు ముందు వీనిని మార్చి, పిదప నూరు వాట్ల పాతకాలపు గుండు బల్బును వరుసలో కలిపి మాత్రమే కరెంటిచ్చును. దీనినే సీరీసు బల్బందురు. లోపల తీగలు కలిసియున్నచో బల్బు నిండుగా వెలుగును, రేడియో బ్రతుకును. అంతయు సరిగానున్నచో బల్బు మొదట వెలిగి పిదప మసకబారును. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

తల్లిదండ్రులు గమనింపవలసినది ఇంకొకటి ఉన్నది. వెనుకటి రోజులలో కొన్ని పట్టణములలో ఏసీ, కొన్నింట డీసీ కరెంటు ఉండెను గాన, రెంటికిని పనికివచ్చు రేడియోలు అమ్మకమునకు వచ్చినవి. వానిలో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు; గోడనుండి వచ్చు తీగలలో ఒకటి నేరుగా ఇనుప చట్రమునకు కలియును. ప్లగ్గు తిరుగబడినచో చట్రము తాకినవాని ప్రాణమునకే ముప్పు. ఐరోపా పేర్లుగల వాల్వులైనచో గుర్తు తేలిక: ఈసీహెచ్, ఈఎల్ అని ‘ఈ’తో మొదలగునవి తరచు ట్రాన్స్‌ఫార్మరు గల రేడియోలోనివి, ‘యూ’తో మొదలగునవి అది లేనివానిలోనివి. మనది ఏ జాతిదో ఎవరును వెనుక అట్ట విప్పి చూడలేదు. ఏ జాతిదైనను లోపల రెండువందల వోల్టుల వరకును, కొన్నింట అంతకు మించియు ఉండును. స్విచ్చి తీసిన తరువాతను కండెన్సరులలో కొంతసేపు నిలుచును. కనుక పిల్లలు చూడవలెను, అడుగవలెను, వ్రాసికొనవలెను. లోపల చేయి పెట్టరాదు. పెట్టె తుడుచుట, పాలిషు పెట్టుట, ముల్లును నడుపు దారము దారిని బొమ్మ గీయుట వారికి విడువవచ్చును.

ఇంత శ్రమ ఎందుకనగా, బిడ్డను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చుటకు సర్టిఫికెట్టు అడుగవచ్చిన తల్లిదండ్రులు నాతో చెప్పు మాట తరచు ఒక్కటే. “పద్యాలకైతే తెలుగు సరే సారూ, మిషను సంగతి తెలుగులో ఎట్లా చెప్తారు?” దీనికి ఉపన్యాసముతో జవాబు చెప్పి లాభములేదు. పైన నేను వ్రాసినది మిషను సంగతియే. వాల్వు, కండెన్సరు అను పేర్లు ఇంగ్లీషువి, ఉండనిండు. ఎండుట, కారుట, వరుసలో కలుపుట, మసకబారుట మనవి. యంత్రము ఎందుకు చెడినదో చెప్పునవి ఆ మాటలే. తొమ్మిదవ తరగతివారు ఈ మరమ్మతును మొదటినుండి చివరివరకు ఒక నోటుపుస్తకములో తెలుగున వ్రాయవలెనని నా కోరిక. మెకానిక్కు నోట తమిళము, కన్నడము, ఉర్దూ దొర్లినచో వానిని కూడ అట్లే వ్రాసికొనవలెను. అమ్మిన సొమ్ముతో కొను పుస్తకములు ఎక్కడనైనను దొరకును. ఈ పుస్తకము దొరకదు. బ్లూటూత్ పెట్టెలో చెప్పుటకు ఏమియు మిగులదు.

పలికిన తరువాత వినుటకు ఏమున్నదని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆ కాలపు మన వాల్వు రేడియోలకు ఎఫ్‌ఎం అందదు. మీడియం వేవు ప్రసారములు పూర్వమంత లేవు. ఉన్నవానిని ఎల్‌ఈడీ దీపములు, చార్జర్లు పుట్టించు బరబర శబ్దము కప్పివేయుచున్నది. సాయంకాలము బడి దీపములార్పి, మేడమీద రాగితీగ ఏరియలు కట్టి వెదకవలసియుండును. ఒక్క కేంద్రము దొరకినను నాకు చాలును.

వాల్వులు దొరకవను భయము కొంతవరకే నిజము. మన పొరుగున బెంగుళూరులో 1954లో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960ల దశకములో రేడియో వాల్వులు తయారుచేసినది. అట్టివి మీ యింటి అటకమీదనో, మూతపడిన మరమ్మతు అంగడి పెట్టెలోనో ఉండవచ్చును. ఉన్నచో గాజుమీది పేరు చెరిగిపోవును గాన తుడువక, మెత్తని గుడ్డలో చుట్టి పంపుడు. మీ తాతలలోగాని మామలలోగాని పూర్వము రేడియోలు బాగుచేసినవారున్నచో వారి పేరు మీ తరగతి ఉపాధ్యాయునికి చెప్పుడు. వారు వచ్చిన పిదపనే వెనుక అట్ట విప్పుదము.