ఇంటి నక్షత్రం, కుక్కరు కేకు

క్రిస్మస్ నక్షత్రమైనా, కేకైనా బజారున కొనవలసిందేనన్న అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. వెదురు బద్దలను నక్షత్రాకారంలో దారంతో బిగించి, పలుచని రంగు కాగితాన్ని మైదా జిగురుతో అతికిస్తే చాలు. లోపల చిన్న ఎల్.ఇ.డి. దీపమే ఉంచాలి, కొవ్వొత్తి వద్దే వద్దు. పశువుల పాకపై మంచుగా పరచే దూదికి కూడా దీపం ఎడంగా ఉండాలి.

ఓవెన్ లేని క్వార్టర్లలో మందపాటి ప్రెషర్ కుక్కరే ఆధారం. ఇందులో నీరు పోయరాదు. మూతకున్న గాస్కెట్టు, వెయిట్ తప్పక తీసివేయాలి. లేనిచో పొడి వేడికి రబ్బరు చెడిపోతుంది, ఆవిరికి దారి ఉండదు. అడుగున ఉప్పు పరచి, 10 నిమిషాలు వేడిచేసి, స్టాండుపై కేకు గిన్నె నిలిపి, సన్నని సెగపై సుమారు 45 నిమిషాలు ఉంచాలి. గుచ్చిన పుల్లకు పిండి అంటకపోతే దించవచ్చు. ఎండుద్రాక్షను ముందురోజే నారింజ రసంలో నానబెట్టండి; రమ్ము లేని లోటు మాకైతే తెలియలేదు.