అడిగిన పట్టా వేరు, ఇచ్చిన పట్టా వేరు

ఈమధ్య ఒక సదస్సుకి వెళ్ళాను. తక్కువ ఖర్చుతో వెచ్చని ఇల్లు ఎలా కట్టుకోవచ్చో ఒక పెద్దమనిషి తెరమీద బొమ్మలు చూపిస్తూ చెప్పారు. అందులో ఒకటి మా పాడేరు వైపు ఇల్లు. మట్టి గోడ, రేకు కప్పు, చుట్టూ నీలంరంగు బరకం. "చూడండి, ఒక్క టార్పాలిన్‌తో ఇంటి వేడిని ఇంట్లోనే ఆపుకున్నారు, ఇదీ ప్రజల విజ్ఞానం" అన్నారాయన. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్నాక నామీద నాకే కోపం వచ్చింది. అలాంటి ఇళ్ళలో నేను పడుకున్నాను. అక్కడ వేడిని ఆపేది బరకం కాదని నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

ఆ రోజు అనలేని మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

ఏజెన్సీ చలి మైదానంలో ఉన్నవాళ్ళకి ఒక విహారయాత్ర. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి చలి పేపరుకెక్కుతుంది. ఆ వార్త చదివి కార్లు బయల్దేరతాయి. తెల్లవారుజామున మంచు చూసి, ఫోటోలు దిగి, వేడి టీ తాగి దిగిపోతారు. ఆ ఊళ్ళ పక్కన ఒక కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన నేను కూడా మంచుమీద ఒక కవిత రాశాను. తెల్లటి దుప్పటి అన్నానందులో. దుప్పటి అట! అప్పటికి నేను అక్కడ ఒక్క చలికాలం కూడా పూర్తిగా గడపలేదు.

నా విద్యార్థిని తల్లి ఒకామె ఉండేది. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళ ఇంటి కప్పు మొదట్లో గడ్డిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ గురించి అందరం మాట్లాడుకున్నాం, కొండమీద పడిపోయిన చెట్ల గురించి తక్కువ మాట్లాడుకున్నాం. వాళ్ళ కప్పు ఎగిరిపోయింది. తర్వాత ఎవరో బరకం ఇచ్చారు. అది వాన కోసం ఇచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే చలి వచ్చిపడింది, వాన కోసం ఇచ్చిన బరకమే చలికి గోడయింది. తర్వాతి ఏడు రేకు వేసుకున్నారు. బరకం మాత్రం పోలేదు. అది చిరిగితే ఇంకొకటి కొన్నారు.

"బరకం వెచ్చగుండదమ్మా. గాలి ఆపుతాది, అంతే. వేడి మేం పుట్టించాల" అంది అక్క, నేను మొదటిసారి అక్కడ రాత్రి ఉన్నప్పుడు.

ఈ మాటలో ఉన్న భౌతికశాస్త్రం ఆ సదస్సులో ఒక్క స్లైడులోనూ లేదు. బరకమంటే అల్లిన పాలిథిన్ పట్టీలకి రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ పూత. దాని మందం మిల్లీమీటరులో చిన్న వంతు. అంత పల్చటిది వేడిని ఎక్కడ నిలుపుతుంది? కదలకుండా ఉన్న గాలి మాత్రం నిలుపుతుంది. బొంత కుట్టే ప్రతి ఆడదానికీ ఈ సంగతి తెలుసు. పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, మధ్యలో గాలి చిక్కేలా కుట్టబట్టే బొంత వెచ్చగా ఉంటుంది. అదే నాలుగు చీరలంత బరువున్న ఒక్క మందపాటి గుడ్డకి ఆ వెచ్చదనం రాదు. బరకం ఒంటిపొర. పైగా పాలిథిన్ వేడి కిరణాలను చాలావరకు తనలోంచి పోనిస్తుంది. మబ్బులేని రాత్రి ఇంటి వేడి ఆకాశంలోకి పోతుంటే అది అడ్డుకునేది తక్కువే. పైగా లోపలి మనుషుల ఊపిరి దానికి తగిలి నీరై కారుతుంది. తెల్లారేసరికి బొంతలు చెమ్మ. తడిసిన బొంతలో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనమూ లేదు. పది గంటలకి మంచు విడితే ఎండేస్తారు. ఏ ఇంట్లోనైనా వాటిని మోసేది ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

మరి ఆ ఇల్లు వెచ్చగా ఎలా ఉంది? అక్క ఏం చేసిందో చెబుతాను. బరకానికీ గోడకీ మధ్య జానెడు సందు వదిలింది. ఆ సందులో గోనెసంచుల్లో వరిగడ్డి కూరి నిలబెట్టింది. అంటే గోడకి బొంత కుట్టిందన్నమాట. మేకు దగ్గర బరకం చిరక్కుండా సోడామూతలు చదును చేసి మేకుకింద పెట్టింది. అడుగున గాలి దూరకుండా అంచుమీద మట్టి కప్పి రాళ్ళు పేర్చింది. పడుకునే చోట నేలమీద గడ్డి పరిచి, దానిమీద చాప వేసింది, ఎందుకంటే నేల కూడా ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇదంతా ఒకసారి చేసి ఊరుకునే పని కాదు. గడ్డి చెమ్మకి కుళ్ళుతుంది, మార్చాలి. ఎలుకలు చేరతాయి, తరమాలి. గాలికి తాడు సడలుతుంది, అర్ధరాత్రి లేచి బిగించాలి. ఆ నీలంరంగు గోడ వెనక రోజుకి ఎంత చాకిరీ ఉందో ఆ పెద్దమనిషి లెక్కలో లేదు. ఆయన లెక్కలో ఉన్నది బరకం ధర ఒక్కటే. అందుకే అది "తక్కువ ఖర్చు".

ఆడవాళ్ళ పనికి ధర కట్టనంతకాలం ప్రపంచంలో ప్రతిదీ తక్కువ ఖర్చులోనే అయిపోతుంది!

ఇక పొగ సంగతి. పాత గడ్డికప్పు ఇంట్లో పొయ్యి లోపలే ఉండేది. పొగ గడ్డిలోంచి మెల్లగా బయటికి పోయేది, పోతూ పోతూ గడ్డికి పురుగు పట్టకుండా చేసేది. ఆ పొగ మంచిదని నేననను. అందులో మా అమ్మమ్మల కళ్ళు పోయాయి. కానీ దానికో దారి ఉండేది. రేకూ బరకమూ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. వేడి పోకుండా మూసిన సందులోంచే పొగ కూడా పోవాలి కదా. వేడి కావాలంటే పొగ మింగాలి, పొగ వద్దంటే చలికి వణకాలి. ఈ బేరం ముందు రోజూ కూర్చునేది పొయ్యి దగ్గరి మనిషి, ఆమె ఒళ్ళో పసిబిడ్డ. ఇళ్ళలోని పొగవల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనకి 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. గ్యాసుబండ వంటకి పనికొచ్చింది. చలి కాచుకోవడానికి గ్యాసు ఎవరు మండిస్తారు? చలికాలం కట్టెల పొయ్యి వంట కోసమే కాదు, పడక కోసం కూడా వెలుగుతుంది. పథకాలు రాసేవాళ్ళకి వంటగది ఒకటి, పడకగది ఇంకొకటి. అక్క ఇంట్లో రెండూ ఒకటే.

నా అనుభవం కూడా ఒకటి చెప్పాలి. నేను అద్దెకున్న ఇంటి వెనక వంటపాక. మూడువైపులా బరకం బిగించి, ఒక రాత్రి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని పేపర్లు దిద్దుతున్నాను. పొగ లేదు కదా అని ధైర్యం. కాసేపటికి తలపోటు, తర్వాత అక్షరాలు అలుక్కుపోయాయి. లేద్దామంటే కాళ్ళు రాలేదు. పాకి బరకం ఎత్తి తల బయటపెట్టాను కాబట్టి ఇది రాస్తున్నాను. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఎమ్మే చదివిన నాకు అది తెలియలేదు. మర్నాడు చెబితే అక్క తిట్టింది. వాళ్ళు కుంపటి లోపల పెడితే రేకుకింద రెండు జానల సందు ఎప్పుడూ తెరిచే ఉంచుతారట. ఎంత చలైనా. ఆ సందు కూడా సదస్సు బొమ్మలో కనిపించింది. "ఇక్కడ కొంత వేడి వృథా అవుతోంది" అన్నారాయన, దాన్నే చూపిస్తూ.

కొంతమంది మిత్రులు అడగొచ్చు, బరకం కూడా లేకపోతే ఏం చేస్తారని. నిజమే. తుపాను మర్నాడు బరకం ప్రాణం కాపాడుతుంది, కాదనను. నా గొడవ మర్నాటితో కాదు, పదకొండో ఏడుతో. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాఖ్య ఆశ్రయం కిట్‌లో కూడా 4 మీటర్లు, 6 మీటర్ల కొలతతో రెండు టార్పాలిన్లు, తాడు, మేకులు, రంపం, పార ఉంటాయి. తాత్కాలిక గూడుకే అన్ని కావాలని వాళ్ళకి తెలుసు. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలంటాయి. చలిప్రాంతాల్లో అయితే 4.5 నుంచి 5.5, ఎందుకంటే అక్కడ వంట, స్నానం కూడా లోపలే జరుగుతాయి. వంటకి చోటు కావాలని ఒక్క కాగితమైనా ఒప్పుకుంది, సంతోషం. మా దగ్గర మాత్రం ఇంటికొక పట్టా చేతిలో పెట్టి ఫోటో తీసుకున్నారు.

పట్టా అన్నాను కదా. ఈ బరకాన్ని కొన్నిచోట్ల పరదా అంటారు, తెలంగాణలో తాడిపత్రి అంటారు, చాలాచోట్ల పట్టా అంటారు. భూమి కాగితాన్నీ పట్టా అనే అంటారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పెళ్ళయినవాళ్ళకి ఆ హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఇల్లు ఆడవాళ్ళ పేరున అని ఇళ్ళ పథకాలూ చెబుతూనే ఉన్నాయి. అక్క ఎన్నేళ్ళనుంచో అడుగుతున్నది ఆ పట్టా. అది ఉంటే మట్టిగోడని ఇంకో మూర లావు పెడుతుంది, గడ్డి దొరికితే మళ్ళీ గడ్డే కప్పుతుంది, పొయ్యికి గొట్టం పెడుతుంది. రేపు ఖాళీ చేయమంటారేమోనన్న భయంతో ఉన్నవాళ్ళు గోడ లావు పెట్టరు. చుట్టేసి తీసుకుపోయేదే కట్టుకుంటారు. దాన్ని ప్రజల విజ్ఞానం అని మెచ్చుకోవడమంటే, ఆమెకి గోడ రాకపోవడాన్ని మెచ్చుకోవడమే.

మనం, అంటే కాలేజీల్లో కూర్చుని స్త్రీల శ్రమ గురించి పేపర్లు రాసే మనం, ఈ సదస్సుల్లో తరచూ ఉంటాం. ఆ బొమ్మలు మనముందే వేస్తారు. లేచి ఒక్క ప్రశ్న అడగడానికి ఏమడ్డం? ఆ తాడు రాత్రిళ్ళు ఎవరు బిగిస్తున్నారని అడగడానికి? ఆ రోజు నాకు అడ్డమైంది మర్యాద. వక్త పెద్దవాడు, నిర్వాహకులు తెలిసినవాళ్ళు, భోజనాల వేళవుతోంది.

నా మంచు కవితని ఒక సంకలనంలో వేస్తామని పోయిన నెల అడిగారు. వద్దన్నాను. అక్క అర్జీ నకలు మాత్రం నా బల్లమీద ఉంది. అందులో ఆమె పేరు తప్పు రాశారు, ఇంటిపేరు వదిలేశారు. అది సరిచేయించడానికి సంక్రాంతిలోపు పాడేరు వెళ్ళాలి. గడ్డి మార్చే రోజులు కూడా అవే.